షంటింగు ఇంజను నిజప్రమాణము

పసుపు ఉడికించు దినములలో వేల్పూరునకు పోయినవారు ఆ ఊరి వాసనను మరువజాలరు. నిజామాబాదు జిల్లాలో ఆర్మూరునకు చేరువనున్న ఈ ఊరి కళ్ళములలో ఆ కాలమున పసుపు కొమ్ములు చాపలు పరచినట్లు ఎండుచుండును. కొన్ని సంవత్సరముల క్రిందట అట్టి దినములలో మేమొక పెంకుటింటి వసారాలో కూర్చుండి, వెంట తెచ్చుకొన్న ఒక చిన్న వస్తువును పిల్లలకు చూపుచుంటిమి. అది ఆవిరి ఇంజను నమూనా. అందును మెయిలు బండిని లాగు పెద్ద ఇంజను కాదు. స్టేషను యార్డులో పెట్టెలను అటునిటు మార్చు షంటింగు ఇంజను. అమెరికా దేశమున 1918వ సంవత్సరమున నిర్మాణమైన ఒక తరగతి ఇంజనునకు అది 87వ పాలు ప్రతిరూపము.

పిల్లలు దానిని ముట్టి చూచి, చక్రములు త్రిప్పి, ముచ్చటపడిరి. వారి వెనుక ఒక వృద్ధుడు నిలుచుండెను. యౌవనమున నిజామాబాదు గూడ్సు షెడ్డులో బస్తాలు మోసిన హమాలీ అతడు. కొంతసేపు చూచి ఇట్లనెను: "గిదేంది సారూ, ఇంజనంటే గింతేనా? నేను జూసిన ఇంజనుకు చక్రమే నా చంకలదాంక ఉండె."

"ఇది నమూనా, పెద్దయ్యా! అసలు దానిని 87 పాళ్ళు చేసి, అందొక పాలు చూపినారు" అని మేము వివరింపబోతిమి.

"అది సరే. మరి మనిషేడి? పక్కపొంటి మనిషి నిలవడకుంటే అదెంత పెద్దదో గీ పోరగాండ్లకు ఎట్ల తెలుస్తది?"

మాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు. నమూనాలో గొట్టములున్నవి, గంట ఉన్నది, దీపమున్నది. మనిషి మాత్రము లేడు. నాటి నుండి ఆ ప్రశ్న మా మనస్సున నిలిచియున్నది. ఈ ప్రసంగము దానికి మేము వెదకిన సమాధానము.

ఆ ప్రశ్న ఆ ఊరి పిల్లల విషయమున మరింత సమంజసమైనది. సికిందరాబాదు నుండి నిజామాబాదు మీదుగా మన్మాడు వరకు పోవు మీటరు గేజి మార్గము 1901 నాటికే పూర్తియైనది. కాని ఆర్మూరు ప్రజలు తమ ఊరిలోనే రైలెక్కుటకు 2017 వరకు వేచియుండవలసి వచ్చెను. పెద్దపల్లి నుండి నిజామాబాదు వరకు వేసిన కొత్త మార్గము ఆ సంవత్సరమున పూర్తియైనది. అప్పటికి మన దేశమున ఆవిరి ఇంజనుల కాలము గతించి చాలకాలమయ్యెను. బ్రాడు గేజిపై క్రమముగా నడచిన చివరి ఆవిరి బండి 1995 డిసెంబరులో తన పరుగు చాలించినది. మీటరు గేజిపైనను ఆ శతాబ్ది అంతముతోనే ఆవిరి బండ్లు ఆగిపోయినవి. కొండ మార్గములలోని కొన్ని ఇంజనులు మాత్రమే మిగిలినవి. కావున ఈ పిల్లలు తమ ఊరి చెంత రైలును చూచిరే గాని బొగ్గుపొగను చూడలేదు. వారికి ఆవిరి ఇంజనును గూర్చి చెప్పవలెనన్న బొమ్మయో, నమూనాయో, వృద్ధుల మాటయో తప్ప వేరు సాధనము లేదు. ఆ సాధనము అబద్ధము చెప్పినచో దిద్దువారును ఇక ఎక్కువకాలము ఉండరు.

ముందుగా షంటింగు అనగానేమో చూతము. ఆవిరి కాలమున గూడ్సు బండి నేటివలె ఒకే సరకుతో, ఒకే గమ్యమునకు పోవునది కాదు. అందు ఒక పెట్టెలో పసుపు, మరియొకదానిలో బియ్యము, వేరొకదానిలో బొగ్గు ఉండెడివి. ఒక పెట్టె బొంబాయికి పోవలెను, ఒకటి బెజవాడకు పోవలెను. దారిలో ప్రతి జంక్షనునందును ఆ బండిని విడదీసి, ఏ పెట్టెను ఏ వరుసలో చేర్చవలెనో ఆ వరుసలో చేర్చి, కొత్త బండిగా కూర్చవలెను. ఈ కూర్పునకే షంటింగని పేరు, అమెరికాలో స్విచింగందురు. పగలును రాత్రియు, ఎండలోను వానలోను, ముందుకు వెనుకకు నడచుచు ఈ పని చేయు ఇంజను నూరు గజములు పోయి ఆగును. మరల వెనుకకు వచ్చును. దినమంతయు శ్రమించినను అది ఊరు దాటి పోదు. ప్రయాణికుడు దానిని కిటికీలో నుండి క్షణకాలము చూచి మరచిపోవును.

చరిత్ర కూడ అట్లే మరచినది. మన దేశపు రైలు చరిత్ర యనగానే 1853 ఏప్రిలు 16వ తేదీ బొంబాయి నుండి ఠాణాకు నడచిన ప్రయాణికుల బండిని చెప్పుదురు. అది న్యాయమే. కాని అంతకు పద్నాలుగు నెలలు ముందు, 1852 ఫిబ్రవరిలో, అదే మార్గపు నిర్మాణమునకై తెచ్చిన 'ఫాక్‌లాండు' అను ఇంజను బొంబాయిలో షంటింగు పనికి దిగినది. అప్పటి బొంబాయి గవర్నరు పేరే దానికి పెట్టిరి. దానికిని ముందు, 1851 డిసెంబరులో, రూర్కీ చెంత గంగాకాలువ కట్టడమునకు మట్టి మోయుటకై 'థామసను' అను ఇంజనును నడిపిరి. అనగా మన గడ్డపై ఆవిరి ఇంజను తొలినాళ్ళలో చేసినది మట్టి మోయు పని, పెట్టెలు త్రోయు పని. ప్రయాణికులు ఎక్కినది తరువాతి మాట. కూలిపని చేసిన ఇంజనులు ముందు వచ్చినను పేరు మాత్రము వెనుక వచ్చినదానికి దక్కినది.

షంటింగు ఇంజను రూపము దాని పనిని బట్టి ఏర్పడినది. దానికి వేగము అక్కరలేదు. నిలిచియున్న బరువును కదల్చు బలము కావలెను. పెద్ద చక్రము వేగమునకు అనుకూలము, చిన్న చక్రము బలమునకు అనుకూలము. యార్డులోని వంకర పట్టాల మీద తిరుగవలెను గనుక ఇంజను పొట్టిగా ఉండవలెను. మెయిలు ఇంజనులకు ముందు భాగమున దారి చూపుటకును, వెనుక బరువు మోయుటకును వేరుగా చిన్న చక్రములుండును. అవి భారమును మోయునే గాని బండిని లాగవు. షంటింగు ఇంజనునకు సాధారణముగా అట్టివి ఉండవు; ఉన్న చక్రములన్నియు లాగునవే, ఇంజను బరువంతయు వాటిపైననే. ఇంజనుల చక్రములను లెక్కించి పేరు పెట్టు వైటు పద్ధతిలో, ముందు సున్న, నడుమ ఆరు, వెనుక సున్న అని చెప్పు తరగతి ఇట్టిదే. మేము వేల్పూరునకు కొనిపోయిన నమూనా ఆ తరగతిలోనిది.

మొదటి ప్రపంచ యుద్ధ కాలమున అమెరికా ప్రభుత్వము అచ్చటి రైల్వేలను తన యధీనమునకు తీసికొని, కొన్ని ప్రామాణిక ఇంజనులను రూపొందించినది. వాటిలో ఈ ఆరు చక్రముల షంటింగు ఇంజను ఒకటి. ప్రయాణికుల బండ్లకై 'తేలిక పసిఫిక్' అను ఇంజను మరియొకటి. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ఒక వింత కానవచ్చును. టెండరును లెక్కింపక, పసిఫిక్ బరువు సుమారు 125 టన్నులు. షంటింగు ఇంజను బరువు సుమారు 74 టన్నులు. ఒకదాని చక్రము వ్యాసము 73 అంగుళములు, రెండవదానిది 51 అంగుళములు. చూపునకు ఒకటి ఏనుగు, మరియొకటి గున్న. కాని నిలిచిన బండిని కదల్చుటకు ఒకటి చూపు లాగుడుబలము 18న్నర టన్నులు, రెండవది చూపునది 17 టన్నుల 700 కిలోలు. బరువున అయిదింట మూడు పాళ్ళు మాత్రమే ఉన్న 'చిన్న' ఇంజను, బలమున పెద్దదానికి ఇంచుమించు సమానముగా నిలిచినది. పెద్దది సాధించినది వేగము. ఆ వేగముతో గంటల తరబడి పరుగెత్తుటకు పెద్ద బాయిలరు కావలసివచ్చెను. యార్డులో ఆ యవసరము లేదు.

ఇంత బలముగల యంత్రము మన కంటికి చిన్నదిగా ఏల తోచును? ఎల్లప్పుడును దానిని దానికంటె పెద్ద ఇంజను ప్రక్కన చూచుటయే కారణము. పొడుగాటి అన్నదమ్ముల నడుమ పెరిగిన ఆరడుగుల మనిషిని ఇంట పొట్టివాడని పిలిచినట్లే ఇదియును. రైలు నమూనాలు సేకరించువారి బల్లపై ఈ భ్రమ మరింత పెరుగును. అమెరికాలో 1941లో నిర్మించిన 'బిగ్ బాయ్' అను ఇంజను టెండరుతో కలిసి 40 మీటర్ల పొడుగుండును. దాని నమూనా ప్రక్కన షంటింగు ఇంజను నమూనాను నిలిపినచో రెండవది అగ్గిపెట్టెవలె కనబడును. చూచినవాడు "ఇది చిన్న ఇంజను" అనుకొనును. నిజమైన దాని ప్రక్కన నిలిచిననాడు మాత్రము తలయెత్తి చూడవలసివచ్చును. పరిమాణము వస్తువునందు మాత్రమే లేదు. మనము దేని ప్రక్కన పెట్టి చూతుమో దానిని బట్టియు తోచును. వేల్పూరు వృద్ధుని ప్రశ్నలోని సారమిదియే.

ఇక నమూనాల సంగతి. ఆటబొమ్మగా రైలు చాల పాతది. కాని ఒకరి పట్టాల మీద మరియొకరి ఇంజను నడచునట్లు నిర్ణీతమైన కొలతలు తెచ్చినవారిలో జర్మనీలోని మార్‌క్లిన్ సంస్థ ముఖ్యమైనది. 1891లో లైప్‌సిగ్ సంతలో అది అట్టి రైలును ప్రదర్శించినది. మొదట పట్టాల వెడల్పులకు ఒకటి, రెండు, మూడు అని అంకెలిచ్చిరి. అంతకంటె చిన్నది వచ్చినప్పుడు దానికి సున్న అని పేరు పెట్టిరి. ఇంకను ఇండ్లు ఇరుకై బల్లలు చిన్నవైన కాలమున ఆ సున్నలో సగముగా మరియొకటి వచ్చినది. సగము అను అర్థముగల మాటలోని మొదటి అక్షరమును సున్నకు చేర్చి దానిని 'హెచ్. ఓ.' అని పిలుచుచున్నారు. అసలు ఇంజనులోని ఒక అడుగు ఈ నమూనాలో మూడున్నర మిల్లీమీటర్లగును. అనగా 87వ పాలు.

ఈ 87వ పాలును మన ఇంటి కొలతలలో చూతము. సగటు మనిషి ఎత్తు 170 సెంటిమీటర్లనుకొన్నచో, నమూనాలో అతని ఎత్తు రెండు సెంటిమీటర్లకు కొంచెము తక్కువ. మూడు బియ్యపు గింజలను కొసకు కొస చేర్చి నిలిపినంత. షంటింగు ఇంజను చక్రము 51 అంగుళములు గదా, నమూనాలో అది 15 మిల్లీమీటర్లు: రెండు గింజల కంటె కొంచెమెక్కువ. అనగా మూడు గింజల మనిషికి రెండు గింజలకు మించిన చక్రము. వృద్ధుడు చెప్పిన చంకల లెక్క సరిపోయినది! అతడు చూచినవి మీటరు గేజి ఇంజనులు. అచ్చటి యార్డులలో గూడ్సు ఇంజనులే తరచుగా షంటింగు పనియును చేసెడివి. స్వాతంత్ర్యానంతరము మీటరు గేజిపై విస్తారముగా నడచిన 'వై. జి.' తరగతి గూడ్సు ఇంజను చక్రము నాలుగు అడుగులు. దానిక్రింద పట్టా ఎత్తు జానెడు. అతని జ్ఞాపకము కొలబద్ద పెట్టి కొలిచినట్లున్నది.

అసలు ఇంజను పొగగొట్టపు కొన నేలనుండి నాలుగు మీటర్లకు పైననుండును. పెంకుటింటి నడికొప్పుతో పోటీపడును. నమూనాలో అది అయిదు సెంటిమీటర్ల లోపల, ఒక పసుపు కొమ్మును నిలువబెట్టినంత. కావున పసుపు కొమ్ము ప్రక్కన మూడు బియ్యపు గింజలను నిలిపి చూచినచో ఇంజనునకును మనిషికిని గల తారతమ్యము పిల్లవానికైనను తెలియును. యంత్రమును కొలుచుటకు పసుపు కొమ్మును, బియ్యపు గింజయును చాలునా యని కొందరు నవ్వవచ్చును. బార్లీగింజ కొలతతో అంగుళమును లెక్కించిన దేశములు కలవు. మన మూరయు, జానయు, బెత్తెడును మన దేహమునుండి వచ్చినవే.

అయితే నమూనా చెప్పు ప్రతి మాటయు సత్యము కాదు. మొదటి అసత్యము పట్టాల యందు. ఇంగ్లండులో నమూనా ఇంజనులను అడుగునకు నాలుగు మిల్లీమీటర్ల చొప్పున, అనగా 76వ పాలుగా చేయుదురు. పట్టాలను మాత్రము హెచ్. ఓ. వెడల్పున 16న్నర మిల్లీమీటర్లుగానే ఉంచినారు. ఆ లెక్కన వారి పట్టాల నడుమ దూరము నిజమైన దానికంటె సుమారు 18 సెంటిమీటర్లు తగ్గినది. ఇంజను శరీరము ఒక కొలత, దాని కాళ్ళ యెడము వేరొక కొలత. మన బ్రాడు గేజి ఇంజనునకు ఈ పొరపాటు మరింత హెచ్చును. మన పట్టాల యెడము 1676 మిల్లీమీటర్లు. 87వ పాలు చేసినచో 19 మిల్లీమీటర్లకు పైగా ఉండవలెను. అంగడిలో దొరకు పట్టాలు విదేశపు ప్రామాణిక గేజినకు చేసినవి గనుక 16న్నరయే. వాటి మీద నిలిపిన మన ఇంజను కాళ్ళు దగ్గరగా ముడిచికొన్నట్లు కనబడును. దాని నిబ్బరము పోవును. భారతీయ ఇంజనును నమూనాగా చేయువారు చూపరులకు ఈ మాట చెప్పుట ధర్మము.

రెండవ అసత్యము బరువునందు. ఇది మరింత లోతైనది. పొడుగు 87వ పాలైనప్పుడు వెడల్పును 87వ పాలగును, ఎత్తును 87వ పాలగును. మూడును కలిసి ఇంజను ఘనపరిమాణము ఆరు లక్షల యేబది యెనిమిది వేల అయిదు వందల మూడవ పాలగును. అవే లోహములతో, అదే పాలున చేసిన 74 టన్నుల ఇంజను నమూనాలో 112 గ్రాములు తూగవలెను: ఒక గుప్పెడు పసుపు కొమ్ముల బరువు. హమాలీ వీపున మోసిన క్వింటాలు బస్తా గ్రాములో ఏడవ పాలు మాత్రమే: చిటికెడు పసుపు కంటెను తక్కువ. నాలుగు చక్రముల బ్రాడు గేజి పెట్టెలో సుమారు 22 టన్నులు, అనగా 220 బస్తాలు పట్టును. వాటినన్నిటిని ఆ వృద్ధుని వంటివారు వీపున మోసి ఎక్కించిరి. నమూనా పెట్టెలో ఆ భారమంతయు 33 గ్రాములగును. కంటికి 87వ పాలుగా తోచునది చేతికి ఆరున్నర లక్షలవ పాలుగా తగులుచున్నది. కావుననే నమూనాను చేతిలోనికి తీసికొన్నంతనే అసలు ఇంజను భారమును గూర్చి మన యూహ పొరబడును. చూచుట వేరు, మోయుట వేరు.

నమూనాకును నిజమునకును గల ఈ యెడమే ఆవిరి యంత్ర చరిత్రను మలుపు త్రిప్పినది. 1763లో గ్లాస్గో విశ్వవిద్యాలయమున పరికరములు బాగుచేయు జేమ్సు వాటు వద్దకు న్యూకామెన్ ఆవిరి యంత్రపు నమూనా ఒకటి మరమ్మతునకు వచ్చినది. పెద్ద యంత్రములు గనులలో నీటిని తోడుచునే యున్నవి; ఈ చిన్నది మాత్రము కొన్ని మారులు ఆడి ఆగిపోవుచుండెను. బాయిలరు చాలినంత పెద్దదిగా తోచినను ఆవిరి చాలుటలేదు. వస్తువు చిన్నదైనకొలది దాని లోపలి పరిమాణముతో పోల్చినప్పుడు పైభాగపు వైశాల్యము హెచ్చును. పెద్ద కుండలోని నీరు కంటె చిన్న ముంతలోని నీరు త్వరగా చల్లారుట మనమెరిగినదే. ఆ నమూనాలోని చిన్న సిలిండరు ప్రతి మారును చల్లబడి, మరల వేడెక్కుటకే ఆవిరిలో అధిక భాగమును త్రాగివేయుచుండెను. పెద్ద యంత్రములోను ఆ నష్టమున్నది గాని అంతగా బయటపడలేదు. వాటు దానిని పరిశీలించి, ఆవిరిని చల్లార్చుటకు వేరొక పాత్రను అమర్చు ఉపాయమును 1765లో కనుగొనెను. 1769లో దానికి పేటెంటు పొందెను. నమూనా నిజమువలె నడువలేదు. ఏల నడువలేదని అడుగుట చేతనే మేలు కలిగినది. నమూనాను చూచువాడు అది చెప్పునది వినవలెను. చెప్పలేనిదేదో కూడ అడుగవలెను.

ఆవిరిని గూర్చి వేల్పూరు పిల్లలకు మనము చెప్పవలసినది తక్కువ. వారి పొలములలో నేడు పసుపు ఉడికించుటకు ఆవిరి బాయిలరులే వాడుచున్నారు. నీటితొట్టి క్రింద మంట, తొట్టినుండి గొట్టము, గొట్టము కొనన పచ్చి పసుపు నింపిన డ్రమ్ములు. మూత సందులనుండి బుసకొట్టు ఆవిరిని వారు చూచినారు, దాని వేడిమిని ఎరుగుదురు. షంటింగు ఇంజనులలో ఈ బాయిలరునకు దగ్గరి చుట్టము ఒకటి కలదు: మంటలేని ఇంజను. ఫ్యాక్టరీలోని పెద్ద బాయిలరు నుండి ఆవిరిని, కాగిన నీటిని దాని తొట్టిలో నింపుదురు. ఆ వేడి ఉన్నంతవరకు అది పెట్టెలను త్రోయును. నిప్పురవ్వ ఎగిరిన ప్రమాదము కలుగు చోట్లకు అది తగినది. సింధ్రీ ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసిన అట్టి ఇంజను, జర్మనీలో 1953లో హెన్షెల్ కంపెనీ చేసినది, ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియములో ఉన్నది. 1977లో వెలసిన ఆ మ్యూజియమునకు పోవువారు రాజుల పెట్టెలను, పెద్ద ఇంజనులను చూచి తిరిగి వత్తురు. ఈసారి పోయినప్పుడు ఈ కూలి ఇంజను చెంతను ఒక నిమిషము నిలువవలెనని మా మనవి. దాని చక్రము మన దేహమున ఎచ్చట తాకునో చూచికొనవలెను.

ఇప్పుడు మనిషి సంగతి. అమెరికా షంటింగు ఇంజను ముందును, వెనుకను నేలకు జానెడెత్తున ఒక మెట్టుబల్ల ఉండును. మా నమూనాలో అది గోటి అంచంత. దానినెవరును గమనింపరు. కాని ఆ బల్లపైననే యార్డు మనుష్యులు నిలిచి, కదలు ఇంజనుతో పోయి, దిగి, పెట్టెలను కలిపి, మరల ఎక్కెడివారు. ఐరోపాలోను మన బ్రాడు గేజిపైనను పెట్టెకు రెండు ప్రక్కల బఫరులు, నడుమ మరతో బిగించు కప్లింగు ఉండెడివి. రెండు పెట్టెల నడుమకు వంగి దూరి, ఆ బరువైన కప్లింగును ఎత్తి కొక్కెమునకు తగిలించి, మర బిగించి, వంగియే బయటికి రావలెను. ఆ సమయమున ఇంజను ఒక అడుగు కదలినను ప్రాణము దక్కదు. రాత్రివేళ లాంతరు ఊపుటయు, ఈల ఊదుటయు మాత్రమే డ్రైవరునకును అతనికిని నడుమనున్న భాష. అమెరికాలో ఈ పనిలో చేతులు, ప్రాణములు పోగొట్టుకొన్నవారు అనేకులు. తమంత తామే తగులుకొను కప్లింగులను పెట్టవలెనని అచ్చట 1893లో శాసనమే చేయవలసివచ్చెను. మన దేశమున అట్టి కప్లింగులు స్వాతంత్ర్యము తరువాతనే క్రమక్రమముగా ప్రవేశించినవి.

74 టన్నులు ఒక మనిషి ప్రక్కన ఎంత యనునది అతడెరుగును. అది అంకె కాదు. తన రెండు చేతుల దూరమున మెల్లగా వచ్చుచున్న గోడ. షంటింగు ఇంజను చిన్నదని అతడెన్నడును అని యుండడు. చిన్నదని అన్నది ప్లాటుఫారము మీద నిలిచి చూచినవారును, దూరమునుండి ఫొటోలు తీసినవారును, బల్లపై నమూనాలను వరుసగా పేర్చిన మావంటివారును. నమూనా ప్రక్కన మనిషి లేకపోవుట చిన్న లోపమని మొదట మాకు తోచినది. ఆలోచించిన కొలది, మనము వ్రాసికొన్న రైలు చరిత్రలోను ఇదే లోపమున్నదని తెలిసినది. మార్గము వేసిన సంవత్సరములున్నవి, ఇంజనుల తరగతులున్నవి, ప్రారంభించిన ప్రముఖుల పేర్లున్నవి. పాయింట్స్‌మనును, ఫైర్‌మనును, గూడ్సు షెడ్డు హమాలీయును లేరు. వారు లేనిచో ఆ యంత్రముల కొలత తెలియదు. ఆ యంత్రములు మనకు చేసిన పని విలువయు తెలియదు.

ఆ మరునాడు మేము ఊరి బడికి పోతిమి. సుద్దముక్కను, దారమును తీసికొని, దారమును 65 సెంటిమీటర్లకు కొలిచి, బడి గోడపై ఒక చక్రమును గీసితిమి. పట్టా ఎత్తునకై నేలనుండి జానెడు విడిచితిమి. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి దాని ప్రక్కన నిలిచిరి. నాలుగవ తరగతి బాలునకు చక్రమే తలదాటినది. అట్టివి ఒక ప్రక్కన మూడని చెప్పి, రెండవ, మూడవ చక్రములను వారిచేతనే గీయించితిమి. తరువాత పొగగొట్టము ఎంతవరకు పోవునని అడిగితిమి. గోడ చాలలేదు. ఒకడు కప్పు మీది పెంకుల వంక చేయి చూపెను. అందరును ఆ వంకకే తలయెత్తి చూచిరి.

వృద్ధుని పిలిపించి ఆ చక్రము ప్రక్కన నిలువుమంటిమి. అతడు ఆ సుద్దగీతపై అరచేయి మోపి, తన భుజముతో సరిచూచుకొని, "నేను జూసినదానికంటె ఓ బెత్తెడు పెద్దగున్నది" అనెను. అది నిజమే, మూడు అంగుళములు పెద్దది. పిమ్మట వెనుకకు జరిగి చూచి, "గిప్పుడు ఇంజను లెక్క కనవడుతున్నది" అనెను. పిల్లలు అతని చుట్టు మూగి, బస్తా ఎట్లు మోసెడివాడవని, ఇంజను కూత ఎట్లుండెడిదని, భయము వేసెడిదా యని అడుగసాగిరి. మా నమూనా వారికి అప్పుడు జ్ఞప్తికి రాలేదు.

నమూనాలు కొనుట అందరికిని సాధ్యము కాదు. సుద్దముక్కయు, దారమును ప్రతి బడిలోను ఉన్నవి. ఆవిరి ఇంజను చెంత పనిచేసిన పెద్దలు మన జిల్లాలలో ఇంకను కొందరున్నారు. వారిని పిలిచి గోడ ప్రక్కన నిలువబెట్టి, వారు చెప్పునది పిల్లలచే వ్రాయించుట ఉపాధ్యాయులు చేయదగిన పని. నమూనా గలవారు దాని ప్రక్కన మూడు బియ్యపు గింజలంత మనిషిని కూడ నిలుపవలెను. మేము మా ఇంజను ప్రక్కన ఒకనిని నిలిపితిమి. అతని వీపున చిన్న బస్తా ఉన్నది.